గోడ మీది మైసమ్మ

రోహిణిని నేను మొదటిసారి చూసింది పెద్ద వాన వెలిసిన ఒక ఉదయం. మా అపార్ట్‌మెంట్ల వెనక పచ్చిక ఉంది. దాని చివర బెంచీ మీద కూర్చుని చదువుకోవడం నాకు అలవాటు. బెంచీ అవతల ఇనుప కమ్మీలు. కమ్మీల అవతల ఏమీ ఉండదు. రెండంతస్తుల కింద ఒక సందు, సందులో రేకుల షెడ్లు. గచ్చిబౌలి దాటాక ఒక గుట్టను సగం కోసి, కోసిన మట్టిని పల్లం వైపు పోసి, చదును చేసి కట్టిన ఇళ్లు మావి. ఆ పోసిన మట్టి సందులోకి జారకుండా ఒక గోడ ఆపుతున్నది. అన్నాళ్లుగా అక్కడ కూర్చుంటున్నా, నా కాళ్ల కింద గోడ ఉందన్న సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

ఆ ఉదయం ఒకామె కమ్మీల మీదికి వంగి కిందికి చూస్తున్నది. నలభై దాటి ఉంటుంది. భుజాన సంచి, కాళ్లకు బురద.

"ఏమన్నా పడిపోయిందా అమ్మా?" అన్నాను.

ఆమె ఉలిక్కిపడి వెనక్కి తిరిగింది. "పడలే ఆంటీ. పడ్డదేమో అని చూస్తున్న."

కాసేపటికి మెట్ల దారిన సందులోకి దిగింది. గోడ అడుగున, లోపలి నీళ్లు బయటికి పోవడానికి, వరసగా గొట్టాలున్నాయి. ఒక్కొక్క గొట్టం కింద అరచెయ్యి పట్టి, చేతిలో పడ్డ నీళ్లను వెలుతురుకేసి చూసి పారబోసి, తర్వాతి గొట్టం దగ్గరికి పోయింది. షెడ్ల వాళ్లు ఆమెను పట్టించుకోలేదు. వాళ్లకు అలవాటే కాబోలు.

ఆ గోడ ఆమె గీసిన గోడ అని తర్వాత తెలిసింది. మట్టిని ఆపే గోడలు డిజైన్ చేసే ఒక చిన్న కంపెనీలో ఆమె ఉద్యోగం. ఈ గోడ పని ముగించి, అప్పగించి, ఏళ్లు గడిచాయి. ఆమెను ఎవరూ పంపరు. అయినా గట్టి వాన పడిన మరునాడు మియాపూర్ నుంచి బైక్ టాక్సీ మీద వచ్చి, పైనా కిందా చూసుకొని, అటునుంచి ఆఫీసుకు పోయేది.

"నువ్వు కట్టిన గోడలన్నిటికీ ఇలాగే తిరుగుతావా?"

"కట్టేది వేరేటోళ్లు ఆంటీ, నేను గీస్త. కింద మనుషులు పండుకునేటివి రెండు మూడున్నయి. గవాటి కాడికే పోత."

"నీళ్లు ఎందుకు పట్టి చూస్తావు?"

"తెల్లగ రావాలె. అస్సలు రాకపోతే నీళ్లు లోపల నిలవడ్డయన్నట్టు, గదొక భయం. ఎర్రగ వస్తే లోపలి మట్టి కొట్టుకొస్తున్నదన్నట్టు, అది ఇంకో భయం."

"తెల్లగా వస్తే నిశ్చింతేగా?"

ఆమె నవ్వింది. రోహిణి ఏ గోడ గురించీ "పడదు" అని చెప్పదు. ఆ మాట ఆమె నోట నేను ఎన్నడూ వినలేదు.

శేరిలింగంపల్లి ఆమె సొంతూరు. ఇప్పుడు అది ఊరని ఎవరికీ తోచదు గాని, ఆమె చిన్నతనంలో రాతి ఇళ్లూ మట్టి ప్రహరీలూ ఉన్న ఊరే. ఎండలు మండే రోహిణి కార్తెలో పుట్టిందని ఆ పేరు పెట్టారు. "చుక్క వాన వడని దినాల పేరు వెట్టిండ్రు. నా బతుకంతా వానతోనే అయింది," అనేది. ముసురు పట్టిన ఒక రోజు పక్కింటి లచ్చమ్మవ్వ మట్టిగోడకు ఆనుకొని చాటలో బియ్యం ఏరుతున్నదట. రోహిణి ఎదుటి అరుగు మీద కూర్చుని ఆమెనే చూస్తున్నదట.

"గోడ వడ్డప్పుడు చప్పుడు గాలే ఆంటీ. సినిమాల సూపిచ్చినట్టు గాదు. అలిసిపోయిన మనిషి కూలవడ్డట్టు కూసుండింది, అంతే. అప్పుడే అవ్వ ఉండె, అప్పుడే లేదు. చాట ఒక్కటి ఇవతల వడ్డది."

ఇంజనీర్లంటే గోడ ఎలా నిలబడుతుందో ఆలోచించే వాళ్లని నేననుకునేదాన్ని. రోహిణి ఆలోచించేది అది ఎన్ని విధాలుగా పడగలదో. ముందుకు జారవచ్చు. బోర్లా పడవచ్చు. కింది నేల కుంగవచ్చు. లోపలి వల తెగవచ్చు. తెగకుండానే మట్టిలోంచి ఊడి రావచ్చు. ఒక్కొక్క పాటునూ ముందు కళ్లారా ఊహించుకొని, దాన్ని ఆపడానికి ఎంత బలం కావాలో లెక్కగట్టి, ఆ పైన తన భయం కొద్దీ మరికొంత కలిపేది. రోజంతా కుర్చీలో కూర్చుని గోడలను పడేసుకోవడమే ఆమె ఉద్యోగం. ఇంటికి వెళ్లాక ఆ ఊహలు ఆగమంటే ఆగవు.

ఆ వల సంగతి నాకు అర్థమయ్యేలా చెప్పమంటే, తన తల్లి సత్తెమ్మకు చెప్పినట్టే చెప్పింది.

"బతుకమ్మ పేరుస్తరు గద ఆంటీ. బయట పూలు వరుసలు వరుసలుగ ఉంటయి. లోపల ఆకు కూరుతరు. నడుమ దారం గుంజి కట్టి, మల్ల పై వరుస పేరుస్తరు. బతుకమ్మ నిలవడేది పూలతోని గాదు, లోపలి ఆకుతోని, దారంతోని. నా గోడ గూడ గట్లనే. పూల జాగల సిమెంటు దిమ్మెలు, ఆకు జాగల మొరం మట్టి, దారం జాగల నల్ల ప్లాస్టిక్ వల. జియోగ్రిడ్ అంటరు. జర మందాన మొరం పోసి, రోలర్ తిప్పి, వల పరిచి, మల్ల మొరం. గోడ మీదికెల్లి లోపలికి ఆరేడడుగులు గాదు, ఇగో, గా జామచెట్టు దాక ఉంటది వల. మట్టి వలను వట్టుకుంటది. వల దిమ్మెలను వట్టుకుంటది."

జామచెట్టు నా బెంచీకి చాలా వెనక ఉంది. అంటే పచ్చికలో సగం గోడేనన్నమాట.

"మీ అమ్మకు అర్థమైందా?"

"మంచిగ అర్థమయింది. 'గట్లనా బిడ్డా, మరి పేర్చినంక మేం నీళ్లల్ల వేస్తం గద!' అన్నది." రోహిణి నవ్వింది. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది.

ఆమెకు ఇంకొక భయం కూడా ఉండేది. ఒకప్పుడు ఒక ఫ్లైఓవర్ ఎక్కేచోట గోడ కడుపు ఉబ్బినట్టు కనిపించి, అధికారులకు ఫోన్ చేసి, ఆఫీసులు వదిలే వేళ బండ్లన్నీ ఆపించింది. తీరా కొలిచి చూస్తే గోడ వెంట్రుకవాసి కదలలేదు. పాత పెయింటు మీద తడి నీడ అట్లా కనిపించిందట. అది విని ఆఫీసులో శేఖర్ అనే సహోద్యోగి ఆమెకు "పరేషాన్ మేడం" అని పేరు పెట్టాడు. మబ్బు పట్టిందంటే చాలు, "మేడం, ఇయ్యాల హైదరాబాద్ బందా?" అని అడిగేవాడు. గోడ పడుతుందేమోనన్న భయం చిన్నప్పటిది. పడుతుందని అరిస్తే పడకుండా పోతుందేమోనన్న భయం అప్పటి నుంచి మొదలైంది. ఈ రెండోది వచ్చి మొదటిదాని నోరు మూసేది.

ఇక రాయి సంగతి.

గోడ కట్టినప్పుడు, లోపల వల ఉన్నంత మేరా ఎవరూ తవ్వకూడదని, పచ్చికలో ఒక రాయి పాతించింది రోహిణి. అందరికీ కనిపించాలని దానికి పసుపు రంగు వేయించి, ఎర్ర రంగుతో "ఇక్కడ తవ్వరాదు" అని రాయించింది. ఎండకూ వానకూ అక్షరాలు చెదిరి, పసుపు మీద ఎర్ర మచ్చలు మిగిలాయి. కింది షెడ్లలో సక్కుబాయి ఉంటుంది. మా టవర్ మెట్లు ఊడ్చేది ఆమే. పాలమూరు వైపు మనిషి. కట్ట లాంటి ఎత్తు చివర పసుపు రాయి, ఎర్ర బొట్లు చూసి, కట్ట మైసమ్మ అనుకున్నది. చెరువు కట్ట తెగకుండా కాపాడే తల్లి అక్కడ కాక ఇంకెక్కడ ఉంటుంది? ఒకనాడు పసుపు పూసి, కుంకుమ పెట్టింది. తర్వాత టవర్లలోని ఆడవాళ్లు కొబ్బరికాయలు కొట్టడం మొదలుపెట్టారు. బోనాలప్పుడు ఎవరో వేపమండలు కట్టారు.

రోహిణి ఇదంతా చూసింది. నాకు బాగా గుర్తు, ఆనాడు ఆమె ముఖంలో మొదటిసారి కాస్త నెమ్మది కనిపించింది.

"అక్షరాలు మళ్లీ రాయించవా?" అన్నాను.

"వద్దాంటీ. 'తవ్వరాదు' అంటే ఎవలింటరు? అమ్మోరి కాడ ఎవలన్న గడ్డపార వేస్తరా? నా రాతకన్న సక్కుబాయి బొట్టే గట్టిది." ఆ రాయికి తాను కూడా దండం పెట్టుకొని పోయింది.

ఆ భాద్రపదంలో నా కంటికి ఆపరేషన్ అయింది. చుక్కల మందుతో, నల్ల అద్దాలతో నేను బయటికి దిగనే లేదు. దిగింది పండుగ ఆఖరి రోజు, సద్దుల బతుకమ్మ నాడు, మధ్యాహ్నం దాటాక. ముందు రోజు గట్టి వాన పడింది. పచ్చిక మీద ఎర్ర తివాచీలు పరిచి, మైకు పెట్టెలు నిలబెట్టి ఉన్నాయి. నా బెంచీని మాత్రం కదపలేదు. దాని పక్కన, మైసమ్మ రాయికి ఆనుకొని ఒక గుంట, నీలం టార్పాలిన్ పరిచి, నిండుగా నీళ్లు. ఎనిమిది రోజుల చిన్న బతుకమ్మలు అందులో తేలుతూ ఉన్నాయి. రంగులద్దిన గునుగు పూలు కరిగి, నీళ్లు గులాబీ రంగు తిరిగాయి. చూడటానికి ఎంతో బాగుంది. నేను వెళ్లి నా బెంచీ మీద కూర్చున్నాను.

రోహిణి వచ్చింది. జడలో చామంతులున్నాయి. తల్లి ఇంట పండుగ చూసుకొని వచ్చినట్టుంది. గుంట కనబడగానే ఆగిపోయింది. ఆమె చూస్తున్నది నీళ్లను కాదు, పక్కన పోసిన మట్టి కుప్పను. అందులోంచి నల్లటి వల ముక్కలు బయటికి పొడుచుకొని ఉన్నాయి. వంగి ఒక ముక్క లాగింది. అంచు నున్నగా తెగి ఉంది.

గేటు దగ్గరి సెక్యూరిటీ లింగయ్య అటుగా వచ్చాడు. "దీన్ని ఎవలు కోసిండ్రు?" అని అడిగింది.

"జేసీబీ పండ్లకు చుట్టుకుంటుంటే బ్లేడు వెట్టి కోసిండ్రు మేడం. పాత గార్డెన్ నెట్ అనుకున్నరు. ఒకటి కోస్తే కింద ఇంకోటి, గది కోస్తే ఇంకోటి. ఎవడు పాతిండో గని గట్టిగనే పాతిండు!"

ఆమె మెట్లు దిగి సందులోకి పరుగెత్తింది. నేను కమ్మీలు పట్టుకొని కిందికి చూశాను. సక్కుబాయి గొట్టం కింద గిన్నెలు కడుగుతున్నది. పక్కన ఆమె కూతురు రేణుక సగం పేర్చిన బతుకమ్మ ముందు కూర్చుని ఉంది. గొట్టంలోంచి వచ్చే నీళ్లు గులాబీ రంగులో ఉన్నాయి.

"నిన్నటి సంది గిట్లనే వస్తున్నయి మేడం," సక్కుబాయి సంబరంగా చెప్పింది. "మైసమ్మ తల్లి మహిమ అంటున్నరు అందరు. పోరగాండ్లు మొఖాలకు రాసుకుంటున్నరు, హోళీ లెక్క."

రోహిణి గొట్టం కింద చెయ్యి పెట్టింది. అరచేతిలో గులాబీ నీళ్లు నిండాయి. పైకి చూసింది. ఆమె ముఖంలోని భయం నాకు అంత దూరం నుంచి కూడా తెలిసింది. గుంటలోని నీళ్లు టార్పాలిన్ చిరుగులోంచి గోడ కడుపులోకి దిగి, ఇటు వస్తున్నాయి. పై వలలు తెగాయి. పొద్దుగూకితే నాలుగు టవర్ల ఆడవాళ్లూ ఆ గుంట చుట్టూ తిరుగుతూ అడుగులు వేస్తారు. కింద, గోడకు వీపు పెట్టి ఈ షెడ్లు.

అసోసియేషన్ కార్యదర్శి రవీందర్ మైకు సరిచేయిస్తుంటే ఆమె ఎదురుగా పోయి నిలబడింది. ఆయన మంచివాడే. పండుగకు కొత్త చొక్కా వేసుకొని, చమటలు కక్కుతూ తిరుగుతున్నాడు.

"నీళ్లు తీసెయ్యాలె సార్. ఇప్పుడే. ఈ జాగల ఎవ్వరు నిలవడొద్దు."

"ఎందుకు మేడం?"

"గోడ లోపల వలలు కోసిండ్రు. నీళ్లు గోడ లోపలికి పోతున్నయి."

"పోయినేడు చెరువు కాడ తొక్కులాటల ముసలామె చెయ్యి ఇరిగింది. ముసలోళ్లు, చిన్న పిల్లలు ఉంటరనే ఈడ తవ్విచ్చినం. అమ్మోరి పక్కన మంచి జాగ అని పూజ జేసి మరీ తవ్విచ్చినం."

"అది అమ్మోరు గాదు సార్. నేను పాతిచ్చిన రాయి. తవ్వొద్దని రాసుండె."

చుట్టూ ఉన్న వాళ్లు ఇటు తిరిగారు. రవీందర్ భార్య వాసంతి తాంబాలం కింద పెట్టింది. "పండుగ పూట అమ్మోరిని వట్టుకొని రాయి అంటదేంది ఈమె?"

"ఈమేనా ఆ రోజు ఫ్లైఓవర్ బందు వెట్టిచ్చింది?" అని వెనక నుంచి ఒక మగ గొంతు. నలుగురు నవ్వారు.

రవీందర్ నవ్వలేదు. నెమ్మదిగానే అడిగాడు. "మేడం, గోడ ఇయ్యాల పడుతదని మీరు రాసిస్తరా? రాసియ్యున్రి, అంతా బందు జేస్త."

రోహిణి చేతిలోని వల ముక్క వైపు చూసింది. ఆ పాత రెండో భయం వచ్చి ఆమెను పట్టుకోవడం నేను చూస్తూనే ఉన్నాను. ఏ గోడ ఏ పూట పడుతుందో ఎవరు రాసివ్వగలరు? చివరికి అన్నది: "పడుతదని రాసియ్యలేను సార్. పడదని మీరు రాయున్రి. చాతనైతే."

"అది నా పనా మేడం? ఈ ఒక్కపూట పోనియ్యున్రి. రేపు పొద్దుగాల్నే నీళ్లు తీపిచ్చేస్త. ఫికర్ చెయ్యకున్రి."

ఆమె చేతిలోని వల ముక్క ఇంకా అలాగే ఉంది. దాన్ని నలుపుకుంటూ మళ్లీ సందులోకి దిగింది. ఇంతలో మబ్బు మళ్లీ దగ్గరికి వచ్చింది. నేను మాటలు వినిపించేలా కమ్మీల పక్కనే నిలబడ్డాను.

"సక్కుబాయీ, అందరిని తీస్కొని బయటికి నడువు. జల్ది."

"ఏడికి వోవాలె మేడం? నైవేద్యానికి సద్దులు కలుపుతున్న. బతుకమ్మ సగమే అయింది. మీద మైసమ్మ ఉన్నది, మాకేమైతది?"

"మైసమ్మ గాదు సక్కుబాయి. ఆ రాయి నేనే వెట్టిన."

సక్కుబాయి చెయ్యి కడుక్కొని లేచింది. "నువ్వు వెడితే మాత్రం ఏంది? ఎవలో ఒకలు వెడ్తేనే గద ఏ దేవత అయినా ఉండేది. ఉట్టిగ మొలుస్తదా?"

రోహిణి ఆమె దగ్గరికి జరిగి అడిగింది. "నేను దానిమీద ఏం రాపిచ్చిన్నో ఎరికేనా? ఈడ తవ్వొద్దని. తవ్విండ్రు. తల్లి కడుపుల నీళ్లు నింపిండ్రు. చూడు, ఎట్ల కక్కుతున్నదో."

సక్కుబాయి గొట్టం వైపు తిరిగింది. నిన్నటి నుంచి మహిమగా కనబడిన నీళ్లే అవి. ఒక్క క్షణంలో ఆమె చెయ్యి కూతురి భుజం మీద పడింది. "లెవ్వే రేణుక! బతుకమ్మ ఎత్తుకో."

"సగమే అయిందే అమ్మ..."

"సగం ఉంటె సగమే! లెవ్వు!"

షెడ్లలోంచి ఆడవాళ్లు పిల్లలను చంకనేసుకొని, సగం పేర్చిన బతుకమ్మలను నెత్తిన పెట్టుకొని బయటికి వచ్చారు. వాళ్లు మామూలుగా పెద్ద గేటు దారిన లోపలికి రావడానికి లేదు. ఆ రోజు లింగయ్య గేటు బార్లా తీశాడు. ఎవరు చెప్పారో తెలియదు. ఎవరూ చెప్పి ఉండరు. వాళ్లు వచ్చి టవర్ల ముందరి సిమెంటు వాకిట్లో, గోడకు ఎంతో దూరంగా, బతుకమ్మలను దించారు. సక్కుబాయి మొదటి చప్పట కొట్టి పాట అందుకున్నది.

ఇక్కడి ఆడవాళ్లకు ఒక పద్ధతి ఉంది. బతుకమ్మ దించి, చుట్టూ తిరగడం మొదలైందంటే, ఆట ముగిసేదాకా దాన్ని కదపరు. ఆట ఎక్కడ మొదలైతే ఊరంతా అక్కడికే చేరుతుంది. మేడల మీది నుంచి కొత్త చీరలు ఒక్కటొక్కటే దిగి వచ్చాయి. పచ్చికకేసి పోబోయి, పాట వినిపించిన వైపు తిరిగాయి. తాంబాలం ఎత్తుకొని వాసంతి కూడా అటే పోయింది. వెనక పచ్చిక మీద మైకూ, తివాచీలూ, రవీందర్ మిగిలారు.

రోహిణి అడగగానే లింగయ్య సంపు దగ్గరి మోటరు తెచ్చి గుంటలో దించాడు; రవీందర్ అడ్డు చెప్పలేదు. పైపును ముందరి వాన కాలువకు లాగారు. రోహిణి గుంట అంచుకు రాకుండా జామచెట్టు దగ్గర నిలబడి చూస్తున్నది. నేను అలవాటు కొద్దీ నా బెంచీ మీద మళ్లీ కూలబడ్డాను. కంటికి చుక్కలు వేసుకునే వేళ దాటిపోయింది.

నీళ్లు దిగుతున్న కొద్దీ తివాచీలు తీసేశారు. అప్పుడు రోహిణి నా వైపు చూసింది. నా వైపు కాదు, నా కాళ్ల వైపు.

"ఆంటీ." ఆమె గొంతు అంత మెల్లగా నేనెప్పుడూ వినలేదు. "మెల్లగ లెవ్వండి. దుంకొద్దు. కింద చూడకుండ నా దిక్కే నడిచి రాండ్రి."

నేను కిందికి చూశాను. చూడకుండా ఎలా ఉంటాం? పచ్చికలో ఒక పగులు. మైసమ్మ రాయి పక్క నుంచి కొడవలిలా వంగి, బెంచీ రెండు కాళ్ల మధ్య నుంచి పోయి, కమ్మీల దగ్గర గోడను కలుస్తున్నది. గడ్డి దాన్ని దాచింది. నా చెప్పు ఒకటి అటు, ఒకటి ఇటు ఉన్నాయి. లచ్చమ్మవ్వ బియ్యం చాట ఎందుకో నా కళ్ల ముందు మెదిలింది. చప్పుడు కాదని రోహిణి చెప్పిన మాట గుర్తొచ్చింది. వెంట తెచ్చుకున్న పుస్తకం బెంచీ మీదే వదిలేసి, లేచి, నడిచాను. ఆ కాస్త దూరం నేను ఎలా దాటానో నాకిప్పటికీ తెలియదు. రోహిణి నన్ను రెండు చేతులా పట్టుకున్నది.

తర్వాత కొబ్బరి చీపురు పుల్ల ఒకటి పగులులో దించింది. పుల్ల మొత్తం దిగిపోయింది. రవీందర్ ఆ పుల్లను చూశాడు. తానే పోయి సందుకు రెండు వైపులా తాళ్లు కట్టించాడు.

గోడ ఆ సాయంత్రం పడలేదు. పై వరుసల దిమ్మెలు బెత్తెడు ముందుకు వాలి అలాగే ఆగాయి. షెడ్ల వాళ్లు మా క్లబ్‌హౌస్‌లో పడుకున్నారు. మరునాడు పొద్దున రవీందర్ అన్నాడు, వేళాకోళానికి కాదు, ధైర్యం తెచ్చుకోవడానికే. "ఏమైనా, పడలే గద మేడం."

"అవును సార్, పడలే," అన్నది రోహిణి. నీళ్లు తీయకపోయినా నిలిచేదేమో. ఎవరికి తెలుసు? ఆమెకూ తెలియదు. తన ఆఫీసులో శేఖర్ ఈసారి ఏమన్నాడో నాకు చెప్పలేదు. నేను అడగలేదు.

పై మట్టంతా ఎత్తి, తెగిన వలలు తీసి, జామచెట్టు దాకా కొత్తవి పరిచి, మొరం పోసి, రోలర్ తిప్పారు. పరిచినంత సేపూ రోహిణి అక్కడే నిలబడింది. వల చుట్టను గోడ వెంబడి పొడవునా దొర్లించబోతే, పని ఆపించి, గోడ నుంచి లోపలికి పరిపించింది. దాని బలమంతా ఒక్క వైపే ఉంటుందట. రాయిని మళ్లీ పాతారు. ఈసారి రంగుతో కాదు, ఉలితో చెక్కించింది. మర్నాటికల్లా సక్కుబాయి రాయంతా పసుపు పూసి, చెక్కిన అక్షరాల్లో వేలితో కుంకుమ దిద్దింది.

"అక్షరాలు కనవడాలె సక్కుబాయి."

"ముందుగాల కన్న మంచిగ కనవడ్తున్నయి సూడు. నాకు సదువు రాదు గని, నువ్వేం రాసినవో నాకెరికే."

షెడ్ల వాళ్లు తిరిగి సందులోకే పోయారు. వాళ్లకు వేరే చోటు లేదు. బిల్డర్ ఇంకో జాగా చూపిస్తానన్నాడు, చూపించలేదు. రోహిణి షెడ్లను గోడకు కాస్త ఇవతలికి జరిపించగలిగింది, అంతే.

ఆ తర్వాత తుఫాను వానలొచ్చాయి. మొదటి రోజునే, ఇంకా వాన కురుస్తుండగానే, రోహిణి వచ్చింది. ఎప్పుడూ వెలిశాక వచ్చేది. నేను గొడుగు పట్టుకొని ఆమె వెంట సందులోకి దిగాను. గొట్టాల్లోంచి నీళ్లు తెల్లగా వస్తున్నాయి. సక్కుబాయి గుమ్మంలో నిలబడి ఉంది. రేణుక, పిల్లలు మంచం మీద ముడుచుకొని గోడకేసి చూస్తున్నారు. ఆ గోడను వాళ్లు ఇదివరకు ఎన్నడూ అలా చూసి ఉండరు. రోహిణి భయం వాళ్లందరికీ అంటుకున్నది.

"ఇగ పడదు గద మేడం?" సక్కుబాయి అడిగింది. "పోరగాండ్లు బువ్వ తింటలేరు. ఒక్కసారి నీ నోటితోని అను. పడదు అను."

రోహిణి అనేస్తుందనే అనుకున్నాను. అంత చిన్న మాట. పిల్లలు ఆమె నోటికేసి చూస్తున్నారు.

ఆమె సంచి దించి, ప్లాస్టిక్ స్టూలు లాక్కొని, షెడ్డు వెనక తలుపు అవతల, చూరు కింద, గోడకు వీపు ఆనుకునేటంత దగ్గరగా వేసుకొని కూర్చున్నది.

"చాయ్ వెట్టు సక్కుబాయి. వాన వెలిసేదాక ఈడనే కూసుంట."

సక్కుబాయి ఆమెను ఎగాదిగా చూసింది. "గంత భయస్తురాలివి, నువ్వే కూసుంటవా ఆడ?" అని స్టవ్ వెలిగించింది. కాసేపటికి రేణుక తమ్ముడు మంచం దిగి, పళ్లెం ముందు కూర్చున్నాడు. నేను గుమ్మం దగ్గర ఇంకో స్టూలు మీద కూర్చున్నాను. రేకుల మీద వాన చప్పుడుకు మాటలు వినబడటం లేదు. రోహిణి చేతిలో చాయ్ తాగకుండానే చల్లారుతున్నది. ఆమె తల కొంచెం పక్కకు వంచి, వీపు వెనక గోడ ఏమైనా అంటుందేమోనని వింటున్నది.